మొగిలమ్మ చేతి బోణీ

కాశిబుగ్గలో పొద్దున్నే దుకాణం తెరిచిన వాళ్లెవరినైనా అడగండి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించాక మీ రెండో పని ఏమిటని. మొగిలమ్మ వస్తోందా లేదా అని వీధి చివరికి చూడటం, అంటారు. ఆమె చేతి బోణీ పడితే ఆ రోజు గల్లా నిండుతుందని అక్కడ అందరికీ నమ్మకం. కూరగాయల బండ్లవాళ్లు, పూలమ్మే బక్కమ్మ, గాజుల దుకాణం ఆయన, ఆఖరికి సైకిల్ పంక్చర్లు వేసే అతను కూడా. పంక్చర్ దుకాణంలో మొగిలమ్మకు ఏం పని అంటారా? ఇంట్లో సైకిలే లేకపోయినా ఒకసారి వాల్వ్ ట్యూబు కొన్నది. అతను అంతగా బతిమాలాడు మరి.

ఈ నమ్మకానికి మూలపురుషుడు బజ్జీల రాయమల్లు. అతను మిర్చి బజ్జీల బండి పెట్టిన కొత్తలో ఒక సాయంత్రం మొదటి బజ్జీ మొగిలమ్మ కొన్నది. అంతలోనే వాన దంచికొట్టింది. రోడ్డున పోయేవాళ్లంతా అతని బండి పక్కనున్న రేకుల షెడ్డు కిందికి చేరారు. కాగే నూనె వాసన పీలుస్తూ మనిషి ఎంతసేపని ఊరికే నిలబడతాడు? చూస్తుండగానే శనగపిండి గిన్నె అడుగు కనిపించింది. తర్వాత రాయమల్లు వాన సంగతి మర్చిపోయాడు, మొగిలమ్మ చెయ్యిని మాత్రం గుర్తుంచుకున్నాడు. గుర్తుంచుకుని ఊరుకోకుండా ఊరంతా చెప్పాడు.

అసలు కిటుకు వేరే ఉంది. బోణీ చేశాక మొగిలమ్మ ఇంటికి పోదు. అక్కడే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది. దారిన పోయే ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తుంది. వాళ్ల మోకాళ్ల నొప్పుల నుంచి నల్లా రాని సంగతి దాకా మాట్లాడుతుంది. మాట మధ్యలో ఒక వంకాయ తీసి వాళ్ల చేతిలో పెట్టి, ఎంత లేతగా ఉందో చూడమంటుంది. చేతిలోకి వచ్చిన వంకాయను తిరిగి బండి మీద పడేసి పోవాలంటే మొగిలమ్మ మొహం చూడాలి, అంత ధైర్యం ఎవరికీ లేదు. అలా నలుగురు కొనేదాకా ఆమె అక్కడి నుంచి కాలు కదపదు. లక్ష్మి ఆమె చేతిలో ఉందో నాలుక మీద ఉందో మీరే చెప్పండి. బజారుకు మాత్రం ఆ అనుమానం ఎన్నడూ రాలేదు.

ఇంత పలుకుబడి ఉన్న మనిషి చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? టమాటలవాడు అడుగున మెత్తటివి కలిపితే అతనితో తగవు పెట్టుకోదు. మర్నాడు అతని కళ్లముందే, అతని బండిని ఆనుకుని నిలబడి, పక్క బండికి బోణీ చేస్తుంది. సాయంత్రానికల్లా మంచి టమాటలు ఏరి ఇంటికి పంపిస్తాడు. ఆమె వాటిని వెనక్కి పంపి, రేపు బండి దగ్గరికే వస్తానని కబురు చెబుతుంది. బోణీకి ఆమె పెట్టిన పద్ధతులు కూడా ఉన్నాయి. బేరం ఆడాలి. ఫోనులో టింగుమనే డబ్బు చెల్లదు, నోటే ఇవ్వాలి. అమ్మినవాడు ఆ నోటును కళ్లకద్దుకోవాలి. ఆపైన తన చేత్తో అదే సరుకు కాస్త కొసరు వెయ్యాలి. ఈ చట్టం ఎవరు చేశారని అడిగితే, మా అత్త చెప్పిందంటుంది. ఆ అత్తను ఎరిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు కాబట్టి ఆ మాటకు తిరుగు లేదు.

మొగిలమ్మ భర్త సారంగపాణి ఇంట్లో మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. బజారు సంగతులు ఆయనకు పట్టవు, భార్య తెచ్చి చెబితే వింటాడు. కోడలు యమునకు ప్రైవేటు దవాఖానలో ఉద్యోగం. మెయిన్ రోడ్డు మీద సూపర్ మార్కెట్ తెరిచిన దగ్గర్నుంచి యమున డ్యూటీ దిగి వస్తూ అక్కడ ఆగుతోంది. చల్లగా ఉంటుందని, అన్నీ ఒకచోటే దొరుకుతాయని, ఎవరితోనూ మాట్లాడే పని లేదని అత్తకు చెప్పింది. ఆ ఆఖరి సుగుణం వినగానే మొగిలమ్మకు ఒళ్లు జలదరించింది.

"అన్నీ ఒక్క కాడనే దొరికితె, ఇగ మనుషులు ఏడ దొరుకుతరే?" అన్నది.

యమున నవ్వింది. అత్త మాట మీద ఆమెకు కోపం లేదు. పొద్దంతా నిలబడి వచ్చిన మనిషికి పది బండ్ల దగ్గర ఆగి క్షేమసమాచారాలు చెప్పే ఓపిక ఉండదు. ఆ సంగతి మొగిలమ్మకూ తెలుసు. అందుకే కోడలితో వాదన పెట్టుకోలేదు.

ఆమె దిగులంతా రూతు గిర్ని గురించి. మొగిలమ్మ ఇంటి వెనక సందులో పిండికి ఒకటి, కారానికి ఒకటి రెండు మిషన్లు పెట్టుకుని రూతు గిర్ని నడుపుతోంది. ఆమె మామ నాటి గిర్ని అది. ఎండాకాలం వస్తే ఆ సందంతా మిరపకాయల సంచులు వరుస కట్టేవి. తమ వంతు వచ్చేదాకా ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని తుమ్ముతూ, ముక్కులు తుడుచుకుంటూ ఊళ్లో సంగతులన్నీ తేల్చేవారు. మొగిలమ్మకు వార్తలు పుట్టేదీ అక్కడే, పెరిగేదీ అక్కడే. ప్యాకెట్ కారం వచ్చాక వరుస పలచబడింది. సూపర్ మార్కెట్ వచ్చాక అరుగు ఖాళీ అయింది. ఎనుమాములలో అంత పెద్ద మిర్చి మార్కెట్ పెట్టుకుని, కాశిబుగ్గ ఆడవాళ్లు ఎక్కడో పట్టిన కారం తెచ్చుకుంటున్నారు. రూతు భర్త జయరాజు గోదాములో పనికి కుదిరాడు. ఈ ఎండాకాలం చూసి మిషన్లు అమ్మేద్దామని అనుకున్నారు. నర్సంపేట వైపు నుంచి ఒక మనిషి కొనడానికి ఒప్పుకున్నాడు కూడా.

మిగతా బజారుకైతే మొగిలమ్మ చెయ్యి ఉంది. రూతుకు అదీ పనికిరాలేదు. రూతు పొద్దున్నే మిషన్ ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని స్విచ్చు వేస్తుంది. బోణీలు, శకునాలు ఆమెకు నచ్చవు. ఒకసారి మొగిలమ్మ ఉండబట్టలేక, నా చెయ్యి పడనియ్యమని అడిగేసింది.

"నాకు ప్రార్థన ఉందక్కా. నీ చెయ్యి నాకెందుకు? వచ్చేటోళ్లు వస్తరు, రానోళ్లు రారు" అన్నది రూతు.

కాశిబుగ్గలో మొగిలమ్మ చెయ్యిని వద్దన్న మనిషి రూతు ఒక్కతే. అందుకే రూతంటే మొగిలమ్మకు అంత ఇష్టం.

చెయ్యి వద్దంటే వద్దన్నది గానీ, గిరాకీని వద్దనలేదు కదా. మొగిలమ్మ రోజూ ఏదో ఒకటి పట్టించడం మొదలుపెట్టింది. జొన్నలు అయిపోయాయి, రాగులు అయిపోయాయి. పెసలు, మినుములు, బియ్యం, పసుపు కొమ్ములు, ధనియాలు, ఏడాదికని దాచిన మిరపకాయలు కూడా అయిపోయాయి. ఇంట్లో ఏ డబ్బా మూత తీసినా పిండే. యమున పప్పు చేద్దామని డబ్బా తెరిస్తే అందులో పెసరపిండి కనిపించింది. ఒకరోజు మొగిలమ్మ సంచి పట్టుకుని ఇంకేముందా అని ఇల్లంతా వెతుకుతుంటే సారంగపాణి మగ్గం ఆపాడు.

"ఇంట్ల పొడి కానిది నేనొక్కణ్ణే ఉన్న. జర నన్ను ఇడిచిపెట్టు" అన్నాడు.

ఆ రోజు ఏమీ దొరక్క, పట్టించిన జొన్నపిండినే ఇంకా మెత్తగా కావాలని మళ్లీ తీసుకుపోయింది. రూతు ఆ సంచి వైపు చూసింది, మొగిలమ్మ మొహం వైపు చూసింది, పిండిని మిషన్‌లో పోసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సూపర్ మార్కెట్ మేనేజర్ వంశీ మొగిలమ్మ ఇంటికి వచ్చాడు. నున్నగా దువ్విన తల, మెడలో పేరు బిళ్ల, చేతిలో పండ్ల సంచి. పిల్లవాడు మంచివాడే, ఆ మాట ముందే చెప్పాలి. మసాలాలకు, కారాలకు వేరే కౌంటర్ పెడుతున్నామని, ఆమె చేతి మహిమ గురించి చాలామంది దగ్గర విన్నానని, మొదటి బిల్లు ఆమె పేరునే కొట్టాలని కోరాడు. ఆటో పంపిస్తానన్నాడు.

గడపలో ఉన్న యమున ఇప్పుడు అత్త ఏం అంటుందోనని చెవి ఒగ్గింది. మొగిలమ్మ సంచిలోని అరటిపండ్ల వైపు చూసింది. వస్తానన్నది. అయితే ఒక మాట, బోణీ పద్ధతి ప్రకారం జరగాలన్నది. ఓ, తప్పకుండా పద్ధతి ప్రకారమే అన్నాడు వంశీ. ఆ పద్ధతి ఏమిటో అడగలేదు. పెద్ద చదువు చదివిన పిల్లవాడు చేసిన తప్పు అదొక్కటే.

సాయంత్రానికి బజారంతా గుప్పుమంది. బక్కమ్మ పూలు కడుతూ పక్కకు తిరిగి కూర్చుంది. టమాటలవాడు మొగిలమ్మ కనబడితే తల ఎత్తకుండా తక్కెడ తుడుచుకున్నాడు. అందరికన్నా రాయమల్లు మనసు ఎక్కువ నొచ్చుకుంది. ఆ చెయ్యిని లోకానికి చూపించింది తను. ఇప్పుడా చెయ్యి ఏసీలోకి పోతోంది. మొగిలమ్మ బండి దగ్గరికి వస్తే బజ్జీ పొట్లం కట్టి ఇచ్చాడు గానీ కొసరు వెయ్యలేదు. అంతకు మించిన తిట్టు వాళ్లిద్దరి మధ్య ఇంకొకటి లేదు. మొగిలమ్మ నొచ్చుకుంది, కానీ బయటపడలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మొగిలమ్మ జరీ చీర కట్టుకుని ఆటో దిగేసరికి ఆమె వెనక కాశిబుగ్గ ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. కోపం కోపమే, వేడుక వేడుకే. రాయమల్లు కూడా అద్దాల తలుపు బయట నిలబడి, దారిన పోతున్నట్టు నటించాడు. కొత్త కౌంటర్‌కు బంతిపూల దండలు వేశారు. వంశీ ఎదురొచ్చి కారం ప్యాకెట్ ఒకటి ఆమె చేతికి అందించాడు. బిల్లు వేసే అమ్మాయి ధర చెప్పింది. మొగిలమ్మ అందులో సగానికి అడిగింది.

అమ్మాయి వంశీ వైపు చూసింది. బిల్లు మిషన్ తగ్గించదు అమ్మమ్మా, ఫిక్స్‌డ్ రేటు అన్నాడు వంశీ. బేరం లేకపోతే అది బోణీ ఎట్లా అవుతుందని మొగిలమ్మ నెమ్మదిగా అడిగింది. బోణీకి వచ్చిన మనిషి కొనకుండా తిరిగి పోతే ఎంత అరిష్టమో వెనకనున్న ఆడవాళ్లు వంశీకి వివరంగా చెప్పారు. అతని నుదుట చెమట పట్టింది, ఏసీలోనే. చివరికి బిల్లు పూర్తి ధరకే కొట్టించి, తగ్గిన మొత్తం తన జేబులోంచి వేసుకున్నాడు. మొగిలమ్మ నోటు ఇచ్చింది. దాన్ని కళ్లకద్దుకోమంటే అమ్మాయి కళ్లకద్దుకుని, ఎందుకైనా మంచిదని కంప్యూటర్‌కు కూడా అద్దింది.

"ఇగ కొసరు" అన్నది మొగిలమ్మ.

వంశీ హుషారుగా స్టీలు చెంచాల సెట్టు తీశాడు. అది కాదన్నది. కొసరంటే అదే సరుకు, అమ్మినవాడి చేత్తో పెట్టేది. అప్పటికి వంశీ కూడా ఆటలో పడిపోయాడు. నవ్వుతూ ఇంకొక ప్యాకెట్ చించి ఆమె అరచేతిలో గుప్పెడు కారం పోశాడు.

అరచేతిలో కొత్త కారం పడితే కాశిబుగ్గ ఆడది ఏం చేస్తుంది? ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. తుమ్ము వస్తే ఆ కారం మంచిది, రెండు వస్తే ఏడాదికి సరిపడా కొనొచ్చు. రూతు గిర్ని అరుగు మీద పుట్టి పెరిగిన లెక్క ఇది. మొగిలమ్మ గట్టిగా పీల్చింది. తల కొంచెం వెనక్కి వంచి ఆగింది. అందరూ ఆమెతో పాటే ఆగారు. తుమ్ము రాలేదు.

ఆమె అరచెయ్యి బక్కమ్మ ముందు పెట్టింది. బక్కమ్మ పీల్చి, ఆగి, తల అడ్డంగా ఊపింది. ఆ చెయ్యి అలా వరుసగా ఒక్కొక్కరి ముక్కు దగ్గరికీ పోయింది. పండగపూట తీర్థం పంచినట్టు అందరూ వంతులవారీగా వంగి పీల్చారు. ఒక్క తుమ్ము లేదు. ఎవరో కిసుక్కుమన్నారు. వంశీ కంగారుగా తనూ పీల్చి చూసుకున్నాడు. అతనికీ రాలేదు. అయినా తెలివైనవాడు, వెంటనే సర్దుకున్నాడు.

"శుభకార్యంలో తుమ్ము రాకపోవుడు మంచిదే కద అమ్మమ్మా" అన్నాడు.

"బోణీకి మంచిదే బిడ్డా. కూరకే మంచిది కాదు" అన్నది మొగిలమ్మ.

నవ్వులతో ఆ చల్లటి గది హోరెత్తిపోయింది. బయట నిలబడ్డ రాయమల్లుకు మాట వినబడకపోయినా అద్దంలోంచి చూసి అతనూ నవ్వాడు. మొగిలమ్మ ప్యాకెట్ వాపసు ఇవ్వలేదు. ఒప్పుకున్న బోణీ ఒప్పుకున్నట్టు చేసి, అలవాటు ప్రకారం నడుం మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడింది. వచ్చిన ఆడవాళ్ల చేత సబ్బులు కొనిపించింది, బకెట్లు కొనిపించింది, పిల్లలకు బిస్కట్లు కొనిపించింది. ఆ రోజు వంశీ గల్లా నిజంగానే నిండింది. కారం ప్యాకెట్లు మాత్రం పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఆమె చెయ్యిని ఎవరూ తప్పు పట్టలేకపోయారు. ఆ సాయంత్రం రాయమల్లు ఆమె పొట్లంలో కొసరు రెండు బజ్జీలు వేశాడు.

మర్నాడు ఆడవాళ్లు ఆటోలు మాట్లాడుకుని ఎనుమాముల వైపు పోయారు. మార్కెట్ బయట విడిగా అమ్మే మిరపకాయలు తెచ్చుకున్నారు. ఆ వారమంతా కాశిబుగ్గ డాబాలన్నీ ఎర్రబడ్డాయి. తొడిమలు తీసేటప్పుడు తుమ్మినవాళ్లు తుమ్ముకు ఒకసారి గర్వపడ్డారు. ఈ సంగతంతా రూతుకు ఎవరూ చెప్పలేదు. ఆమె దగ్గరికి పోయి ప్యాకెట్ కారం మానేశామని చెప్పుకోవడానికి వాళ్లకు కొంచెం సిగ్గుగా ఉంది. మొగిలమ్మ కూడా చెప్పలేదు. వీళ్లు డాబా మీద ఎండబెట్టినవి ఏ పోపులకో పోతాయేమో, నమ్మకమేముంది? మిషన్లు కొనే మనిషి సోమవారం వస్తున్నాడని మాత్రం ఆమెకు తెలుసు. ఆదివారమంతా అన్నం సహించలేదు.

సోమవారం పొద్దున ఆమె బజారుకు పోలేదు. ఏ బండికీ బోణీ చెయ్యలేదు. చేతిలో సంచి కూడా లేదు. ఇంట్లో పట్టించడానికి గింజ మిగల్లేదు కదా. పోయే మిషన్లను ఒకసారి చూసి, ఆ అరుగు మీద కాసేపు కూర్చుందామని ఖాళీ చేతులతో సందులోకి తిరిగింది.

సందంతా సంచులు. గోడ పొడుగునా మిరపకాయల సంచులు, వాటి పక్కన ఆడవాళ్లు, అరుగు మీద చోటు లేదు. వరుసలో వంశీ కూడా ఉన్నాడు, వాళ్లమ్మ ఊరి నుంచి పంపిన మిరపకాయలతో. మెడలో బిళ్ల తీసి జేబులో పెట్టుకున్నాడు. కొనడానికి వచ్చిన నర్సంపేట ఆసామి ట్రాలీ ఆటో పక్కన నిలబడి, ఇది అమ్మకానికి ఉన్న గిర్నియేనా అని జయరాజును అడుగుతున్నాడు. జయరాజు రూతు వైపు చూస్తున్నాడు. ఇంతమంది ఉన్నా మిషన్ మాత్రం చల్లగా ఉంది. రూతు స్విచ్చు వెయ్యకుండా గడపలో చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎంతసేపాయె వీళ్లంత వచ్చి. ఏడ పోయినవక్కా?" అన్నది మొగిలమ్మను చూసి.

మొగిలమ్మకు అర్థం కాలేదు. మిషన్ చెడిపోయిందా అని అడిగింది.

"మిషన్ మంచిగనే ఉన్నది. ప్రార్థన గూడ అయిపోయింది. ఇగ నువ్వే బోణీ చెయ్యాలె."

మొగిలమ్మ తన దగ్గర ఏమీ లేదని, ఇంట్లో అన్నీ ఎప్పుడో పట్టించేశానని ఖాళీ చేతులు చూపించింది.

"తెల్సు. జొన్నపిండిని మళ్ల జొన్నపిండి చేయించుకున్నవ్" అన్నది రూతు. "నాకు తెల్వదనుకున్నవా?"

వరుసలోని ఆడవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. బజారునంతా ఆడించిన మనిషి దొరికిపోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. రూతు లోపలికి పోయి ఒక చిన్న సంచి తెచ్చింది. తన ఇంటికని ఎండబెట్టుకున్న మిరపకాయలవి. ఆ సంచి మొగిలమ్మ చేతిలో పెట్టింది.

"నా మిర్చి. నీ చేత్తోని పొయ్యి" అన్నది.

మొగిలమ్మ పోసింది. రూతు స్విచ్చు వేసింది. మిషన్ ఒక్కసారి గురకపెట్టి లేచి, సందంతా అదిరేలా తిరిగింది. ముందు బక్కమ్మ తుమ్మింది, తర్వాత వంశీ, ఆ తర్వాత వరుస వరుసంతా. నర్సంపేట ఆసామికి వచ్చిన తుమ్ములు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ, మళ్లెప్పుడైనా వస్తానని జయరాజుకు సైగ చేసి, ఖాళీ ట్రాలీ ఎక్కి వెళ్లిపోయాడు. జయరాజు అతన్ని ఆపలేదు.

కారం రాలడం ఆగాక మొగిలమ్మ అలవాటుగా మిషన్ మూతి మీద అరచేత్తో గట్టిగా చరిచింది, లోపల చారెడు కూడా మిగలకూడదని. తర్వాత కొంగు చాపి రూతు ముందు నిలబడింది. కొసరు లేకపోతే బోణీ చెల్లదని గుర్తు చేసింది.

"నా మిర్చికి, నా గిర్నిల, నీకు కొసరేందే?" అన్నది రూతు.

అంటూనే గుప్పెడు తీసి ఆమె కొంగులో వేసింది.